1ఎల్ పెట్టేశాం, ఇక చాలా?

జావాలో సీరియలైజబుల్ క్లాసు అంటే, దాని ఆబ్జెక్టులను బైట్లుగా మార్చి దాచుకోవడానికో పంపడానికో, తర్వాత తిరిగి చదవడానికో వీలున్నది. అందులో వెర్షన్ సంఖ్య కనిపించకపోతే ఐడీఈ (మనం కోడ్ రాసే టూలు) పసుపు గీత గీస్తుంది. ఆ గీతకు ఎక్కడ వెతికినా ఒకటే మందు దొరుకుతుంది: సీరియల్‌వెర్షన్‌యూఐడీ అనే స్టాటిక్ ఫైనల్ లాంగ్ ఒకటి పెట్టి, దానికి 1ఎల్ (లాంగ్ రకం 1) ఇచ్చేయండి. గీత పోతుంది, రివ్యూ దాటుతుంది, ఆ వరుసను మళ్ళీ ఎవరూ చూడరు.

మందు తప్పనను. అది ఏ జబ్బుకు పనిచేస్తుందో చెప్పకుండా చేతిలో పెట్టడం తప్పంటాను. ఆ వరుస పెట్టినంత మాత్రాన పాత బైట్లూ కొత్త క్లాసూ పొసగిపోవు. "ఇవి రెండూ పొసగుతాయా?" అని జేవీఎం (జావా ప్రోగ్రాములను నడిపే యంత్రం) అడగబోయే ప్రశ్నకు "పొసగుతాయి, పూచీ నాది" అని ముందే రాసిచ్చిన కాగితం అది. సంతకం అందరూ పెడుతున్నారు, పూచీ ఎవరూ పడటం లేదు. నా వాదన ఇంతే: ఆ సంఖ్యను ఒకసారి పెట్టి మర్చిపోండి, కానీ క్లాసు నుంచి బయటికి వెళ్ళే బైట్ల ఆకారాన్ని మాత్రం క్లాసుతో కలపకుండా విడిగా ఒక ఒప్పందంలా చూసుకోండి.

సంఖ్య లేకపోతే

గుడ్డి కన్నా మెల్ల నయం కాబట్టి ముందు 1ఎల్ పక్షానే మాట్లాడతాను. సంఖ్య మనం ఇవ్వకపోతే జావాయే లెక్క కడుతుంది. క్లాసు పేరు, దాని మోడిఫయర్లు, ఇంటర్‌ఫేసుల పేర్లు, ఫీల్డులు (ప్రైవేట్ స్టాటిక్, ప్రైవేట్ ట్రాన్సియెంట్ తప్ప; ట్రాన్సియెంట్ అంటే సీరియలైజ్ చేయవద్దని గుర్తు పెట్టినది), స్టాటిక్ ఇనిషియలైజర్ ఉందా లేదా అన్నది, ప్రైవేట్ కాని కన్‌స్ట్రక్టర్లు, ప్రైవేట్ కాని మెథడ్లు: వీటన్నిటినీ వరుసగా పేర్చి ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్ తీసి, అందులో మొదటి 8 బైట్లను సంఖ్యగా తీసుకుంటుంది.

ఆ జాబితాలో మెథడ్లు ఎందుకున్నాయో ఒక్క క్షణం ఆలోచించండి. మెథడ్లు స్ట్రీమ్‌లోకి, అంటే బయటికి వెళ్ళే బైట్ల ప్రవాహంలోకి, వెళ్ళవు. అయినా ఒక పబ్లిక్ గెటర్ చేర్చగానే సంఖ్య మారిపోతుంది, పాత ఫైలు చదవబోతే ఇన్‌వాలిడ్‌క్లాస్‌ఎక్సెప్షన్ పడుతుంది. బైట్ల ఆకారం రవ్వంత కూడా మారలేదు.

అంతకన్నా చికాకు పెట్టేవి మన కంటికి కనిపించని మార్పులు. ఒక మెథడ్ లోపల అసర్ట్ వరుస ఒకటి రాశారనుకోండి. ఆ క్లాసులో అదే మొదటి అసర్ట్ అయితే, దానికోసం కంపైలర్ డాలర్ గుర్తుతో మొదలయ్యే ఒక స్టాటిక్ ఫీల్డునూ, దానికి విలువ ఇచ్చే స్టాటిక్ ఇనిషియలైజర్‌నూ తనే పుట్టిస్తుంది. ఆ ఫీల్డు ప్రైవేట్ కాదు కనుక లెక్కలోకి వస్తుంది. సంఖ్య మారింది. అలాగే లోపలి క్లాసు బయటి క్లాసు ప్రైవేట్ సభ్యులను తాకితే, జావా 11కు ముందు కంపైలర్ యాక్సెస్ అనే పేరుతో వంతెన మెథడ్లు కట్టేది. 11లో నెస్ట్‌మేట్ల ఏర్పాటు (లోపలి, బయటి క్లాసులు ఒకదాని ప్రైవేట్ సభ్యులను ఒకటి నేరుగా తాకే వీలు) వచ్చాక వాటి అవసరం పోయింది. అంటే సోర్సులో ఒక్క అక్షరం ముట్టుకోకుండా, బిల్డ్ ఫైల్లో టార్గెట్‌ను 8 నుంచి 11కు మార్చినా కొన్ని క్లాసుల సంఖ్య మారుతుంది. ఈనమ్ మీద స్విచ్ రాస్తే ఎక్లిప్స్ కంపైలర్ ఆ పట్టికను తెచ్చే మెథడ్‌ను అదే క్లాసులో పెడుతుంది. జావాతో వచ్చే కంపైలర్ జావాసీ మాత్రం వేరే క్లాసులో పెడుతుంది. డెవలపర్ మెషీన్‌లో రాసిన ఫైలు సర్వర్ మీద చదవకపోవడానికి ఒక్కోసారి ఇదే కారణం.

ఇక్కడ చాలామంది జారిపడే ఇంకో మెట్టుంది. సంఖ్య వారసత్వంగా రాదు. వారసత్వ గొలుసులో ఉన్న ప్రతి సీరియలైజబుల్ క్లాసుకూ స్ట్రీమ్‌లో విడి వివరణ, విడి సంఖ్య ఉంటాయి. అన్ని పిల్ల క్లాసుల్లోనూ 1ఎల్ పెట్టి, పైన ఉన్న అబ్‌స్ట్రాక్ట్ బేస్ క్లాసును వదిలేస్తారు. దాన్ని ఎవరూ న్యూ చేయరు కదా అన్న ధీమా. ఆ బేస్‌లో ఒక ప్రొటెక్టెడ్ మెథడ్ చేరిన రోజు, దాని కింద ఉన్న క్లాసులన్నీ ఒకేసారి చదవడం మానేస్తాయి. ఎక్సెప్షన్‌లో కనిపించే పేరు బేస్ క్లాసుదే అయినా చూసేవాళ్ళు మాత్రం పిల్ల క్లాసునే తిరగేస్తూ కూర్చుంటారు.

అందుకే సంఖ్య పెట్టాలి. అది 1ఎల్ కావాలా, టూలు ఇచ్చిన 19 అంకెల సంఖ్య కావాలా అన్న చర్చ కొత్త క్లాసు విషయంలో వృథా. ఏదైనా ఒకటే. ఇప్పటికే సంఖ్య లేకుండా బయటికి వెళ్ళిపోయిన క్లాసు సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అరవని తప్పులు

సంఖ్య పెట్టాక ఆ ఎక్సెప్షన్ పోతుంది. దాని స్థానంలో చాప కింద నీరులా వేరేవి వస్తాయి.

క్లాసులో కొత్తగా ట్యాగుల జాబితా చేర్చారు. ఫీల్డు పక్కనే ఖాళీ అర్రేలిస్ట్‌తో ఇనిషియలైజ్ చేశారు కూడా. పాత స్ట్రీమ్ చదివితే ఆ ఫీల్డులో ఖాళీ జాబితా ఉంటుందా? ఉండదు, నల్ ఉంటుంది. స్ట్రీమ్ నుంచి ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు ఆ క్లాసు కన్‌స్ట్రక్టర్ నడవదు. పైకి వెళ్తూ సీరియలైజబుల్ కాని మొదటి క్లాసు ఏదో చూసి, దాని ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్‌ను మాత్రం నడుపుతుంది. ఫీల్డు పక్కన రాసే విలువలు కన్‌స్ట్రక్టర్‌లో భాగంగానే కంపైలవుతాయి కాబట్టి అవీ నడవవు. చదవడం మాత్రం నిక్షేపంగా పూర్తవుతుంది. నల్‌పాయింటర్ పడేది ఎప్పుడో, ఎక్కడో, ఆ జాబితా సైజు అడిగిన చోట. లాగ్‌లో సీరియలైజేషన్ ఊసే ఉండదు.

నల్ అయినా నయం, ఎప్పుడో ఒకప్పుడు అరుస్తుంది. ప్రిమిటివ్‌లు అదీ చేయవు. "మళ్ళీ ప్రయత్నాలు" అనే ఇంట్‌కు 3 ఇచ్చారు, పాత స్ట్రీమ్ నుంచి 0 వస్తుంది. "చురుకుగా ఉంది" అనే బూలియన్‌కు ట్రూ ఇచ్చారు, ఫాల్స్ వస్తుంది, పాత రికార్డులన్నీ ఒక్కసారిగా నిద్రపోతాయి. దీనికి ఖర్చులేని జాగ్రత్త ఒకటుంది. కొత్త బూలియన్‌కు పేరు పెట్టేటప్పుడు ఫాల్స్ అంటే పాత ప్రవర్తనే అని అర్థం వచ్చేలా పెట్టండి. "చురుకుగా ఉంది" బదులు "ఆపేశారు" అని. ఇంట్‌లకూ అంతే, 0 అంటే "చెప్పలేదు" అయ్యేలా చూసుకోవాలి.

ఫైనల్ ఫీల్డుల్లో ఇంకో వింత ఉంది. ప్రైవేట్ ఫైనల్ ఇంట్‌కు ప్రకటించిన చోటే 5 అని స్థిరవిలువ ఇస్తే, కంపైలర్ ఆ 5ను వాడిన ప్రతిచోటా నేరుగా అతికిస్తుంది. పాత స్ట్రీమ్ నుంచి వచ్చిన ఆబ్జెక్ట్‌లో ఆ ఫీల్డు అసలు విలువ 0. గెటర్ 5 అంటుంది, రిఫ్లెక్షన్‌తో చూసే లైబ్రరీ 0 అంటుంది. రెండూ నిజమే.

ఫీల్డు తీసేయడం ఇంకో రకం. కొత్త క్లాసు పాత స్ట్రీమ్ చదివేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు, అక్కర్లేని విలువను పక్కన పడేస్తుంది. ఆ విలువ తాలూకు క్లాసు కూడా మాయమైపోయినా పట్టించుకోదు. ఇబ్బంది ఎదురు దిశలో ఉంది. పాత క్లాసు కొత్త స్ట్రీమ్ చదివితే ఆ ఫీల్డుకు సున్నానో నల్లో దొరుకుతుంది. జావా స్పెసిఫికేషన్ ఫీల్డు తొలగింపును పొసగని మార్పుల్లో చేర్చింది ఇందుకే. అంతేగానీ ఎక్సెప్షన్ వస్తుందని కాదు.

అదే పేరుతో ప్రిమిటివ్ టైపు మార్చితే, అంటే ఇంట్‌ను లాంగ్ చేస్తే, ఇన్‌వాలిడ్‌క్లాస్‌ఎక్సెప్షన్ వెంటనే వస్తుంది. రిఫరెన్స్ టైపు మార్చి, వచ్చిన విలువ అందులో ఇమడకపోతే క్లాస్‌క్యాస్ట్‌ఎక్సెప్షన్ వస్తుంది. మంచిదే, ఇవి అరుస్తాయి. పేరూ టైపూ అలాగే ఉంచి అర్థం మార్చితే, నిన్నటిదాకా సెకన్లు ఉన్న లాంగ్‌లో ఇవాళ్టి నుంచి మిల్లీసెకన్లు పెడితే, దాన్ని కనిపెట్టే యంత్రాంగం జావాలో లేదు, ఉండే వీలూ లేదు.

అయితే ప్రతిసారీ సంఖ్య మార్చాలా?

పై సంగతులు చదివినవాళ్ళకు సహజంగా వచ్చే ఆలోచన ఇది. నిశ్శబ్దంగా తప్పు విలువ రావడం కన్నా గట్టిగా విరగడం మేలు కదా, అర్థం మారినప్పుడల్లా 1ఎల్‌ను 2ఎల్ చేద్దాం. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేను. పారేసినా మళ్ళీ తయారయ్యే డేటా విషయంలో అది నిజంగా మంచి పద్ధతే. క్యాష్‌లో ఉన్నది చదవడం కుదరకపోతే లేనట్టే అనుకుని డేటాబేస్ నుంచి మళ్ళీ తెచ్చుకుంటాం. అక్కడ సంఖ్య మార్చడమంటే క్యాష్ ఖాళీ చేయడమే. ఒక్క షరతు: చదివే చోట ఆ ఎక్సెప్షన్‌ను పట్టుకుని "దొరకలేదు" కింద లెక్కేసే కోడ్ ఉండాలి. అది లేక, పాత క్యాష్ ఎంట్రీ తగిలిన ప్రతి రిక్వెస్టూ 500తో కూలే వ్యవస్థలు తక్కువేం కావు.

పోగొట్టుకోకూడని డేటా అయితే లెక్క తిరగబడుతుంది. క్యూలో ఎదురుచూస్తున్న సందేశాలు, డేటాబేస్ బ్లాబ్‌లో ఏళ్ళ తరబడి కూర్చున్న ఆబ్జెక్టులు, సర్వర్ల మధ్య పంచుకునే సెషన్లు ఈ కోవలోవి. సంఖ్య మారగానే పాతవన్నీ ఒకే దెబ్బకు చదవరానివి అవుతాయి. రీడ్‌ఆబ్జెక్ట్‌లో (స్ట్రీమ్ చదివేటప్పుడు జావా పిలిచే మన మెథడ్‌లో) ఎంత తెలివిగా మార్పిడి కోడ్ రాసినా ప్రయోజనం లేదు, ఎందుకంటే సంఖ్య తనిఖీ దానికన్నా ముందే జరుగుతుంది. లోపలికి రానివ్వకుండా తలుపు దగ్గరే ఆపేశాక, లోపల ఎంత మంచి ఏర్పాట్లు ఉంటే ఏం లాభం?

రోలింగ్ డిప్లాయ్‌మెంట్ సంగతి చూడండి. పది సర్వర్లలో మూడు కొత్త వెర్షన్‌కు మారాయి, ఏడు పాతవే. సెషన్ రెండు వైపులా తిరుగుతుంది. కొత్తది పాతదాన్ని చదవడం ఒక్కటే చాలదు, పాతది కొత్తదాన్ని చదవాలి. సంఖ్య మార్చితే రెండు దిశలూ మూసుకుపోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సంఖ్యలో అసలు లోపం అది ఒకటే కావడం. "ఈ ఫీల్డు లేకపోయినా ఫర్వాలేదు, ఆ ఫీల్డు అర్థం మారింది" లాంటి మాట దానితో చెప్పలేం. అవును లేదా కాదు. అందుకే అర్థం మారే అవకాశం ఉన్న క్లాసులో యూఐడీ (ఆ వెర్షన్ సంఖ్యే) ముట్టుకోకుండా, ఆకారం వెర్షన్ అని ఒక మామూలు ఇంట్ ఫీల్డు పెట్టడం నాకు నచ్చుతుంది. అది లేని కాలంలో రాసిన స్ట్రీముల నుంచి ఎలాగూ 0 వస్తుంది, అదే మొదటి వెర్షన్ గుర్తు. కొత్త కోడ్ 1 రాస్తుంది. రీడ్‌ఆబ్జెక్ట్‌లో 0 కనిపిస్తే సెకన్లను వెయ్యితో గుణించుకోవచ్చు. అయితే దీనికీ హద్దుంది. పాత కోడ్‌కు ఆ ఫీల్డు సంగతే తెలియదు, మిల్లీసెకన్లను సెకన్లనుకునే చదువుతుంది. రెండు దిశలూ కావాలంటే అర్థం మారినప్పుడు పేరూ మారాల్సిందే.

జేడీకే తన సొంత క్లాసులతో ఏం చేస్తోంది

ఈ విషయంలో అన్నిటికన్నా మంచి పాఠ్యపుస్తకం జేడీకే (జావా డెవలప్‌మెంట్ కిట్) సోర్స్. సీరియలైజేషన్ 1997లో జేడీకే 1.1తో వచ్చింది. ఆనాటి క్లాసుల లోపలి నిర్మాణం ఎన్నోసార్లు మారింది, బైట్లు మాత్రం నిలబడ్డాయి.

బిగ్‌ఇంటీజర్ లోపల ఇప్పుడు ఇంట్‌ల వరుస ఉంటుంది. బయటికి మాత్రం ఇప్పటికీ మ్యాగ్నిట్యూడ్ అనే బైట్ల వరుసే వెళ్తుంది. పాత వెర్షన్లు లెక్క కట్టి దాచుకున్న బిట్‌కౌంట్, బిట్‌లెంగ్త్ లాంటి ఫీల్డులు ఇప్పుడు వాడుకలో లేవు. అయినా రాసేటప్పుడు వాటి చోట -1, -2 లాంటి ఉత్తుత్తి విలువలు పెడతారు, పాత రీడర్ వాటిని చూసి "ఇంకా లెక్క కట్టలేదు" అనుకుంటుంది.

కాంకరెంట్‌హ్యాష్‌మ్యాప్ కథ ఇంకా ముచ్చటైనది. జావా 7 దాకా అది సెగ్మెంట్లుగా విడిపోయి ఉండేది. 8లో మొత్తం తిరగరాశారు, సెగ్మెంట్లు పోయాయి. కానీ సోర్స్ తెరిస్తే సెగ్మెంట్ అనే చిన్న క్లాసు ఇంకా కనిపిస్తుంది. రైట్‌ఆబ్జెక్ట్‌లో దాని ఉత్త డబ్బాలను కొన్నిటిని తయారుచేసి స్ట్రీమ్‌లో పెడతారు, తర్వాత కీ-విలువల జతలు, చివర ఒక నల్ జత. లేని భవనానికి ముఖద్వారం కట్టి ఉంచినట్టు. హ్యాష్‌మ్యాప్‌కు ఈ తిప్పలు రాలేదు, ఎందుకంటే దాని టేబుల్ ఫీల్డును మొదటి నుంచీ ట్రాన్సియెంట్‌గా ఉంచి, జతలనే రాశారు. జావా 8లో లోపల చెట్లు మొలిచినా స్ట్రీమ్‌కు ఆ వాసన తగలలేదు.

ఈ మూడింటిలోనూ యూఐడీ మారలేదు. మారింది రాసే, చదివే కోడ్. లోపలి ఫీల్డులు వేరు, బైట్ల ఆకారం వేరు అన్న గీత తొందరగా గీసినవాళ్ళకు పని తక్కువ పడింది, ఆలస్యంగా గీసినవాళ్ళు ఉత్తుత్తి సెగ్మెంట్లు మోస్తున్నారు. ఎదురు ఉదాహరణా ఉంది: స్వింగ్ (జావాలో విండోలు, బటన్లు గీసే లైబ్రరీ) క్లాసుల డాక్యుమెంటేషన్‌లో, వీటి సీరియలైజ్డ్ ఆబ్జెక్టులు తర్వాతి స్వింగ్ వెర్షన్లతో పొసగవని ముందే హెచ్చరించారు. అదీ నిజాయితీ గల దారే. హామీ ఇవ్వనప్పుడు ఇవ్వలేదని చెప్పాలి.

ఒక్క ఫీల్డు మార్చాలంటే

సిద్ధాంతం చాలు. టైమవుట్ అనే ఇంట్ ఫీల్డు సెకన్లలో ఉంది. దాన్ని మిల్లీసెకన్లలో లాంగ్ చేయాలి, పాత స్ట్రీములు చదవాలి, పాత రీడర్లు కూడా బతకాలి.

అదే పేరుతో లాంగ్ చేస్తే రీడ్‌ఆబ్జెక్ట్ మిమ్మల్ని కాపాడదు. టైపు తేడా క్లాసు వివరణ చదివేటప్పుడే బయటపడి ఎక్సెప్షన్ పడుతుంది, మీ మెథడ్ దాకా రానే రాదు. కాబట్టి కొత్త ఫీల్డుకు టైమవుట్‌మిల్లీస్ అని కొత్త పేరు పెట్టండి. తర్వాత సీరియల్‌పర్సిస్టెంట్‌ఫీల్డ్స్ అనే ప్రైవేట్ స్టాటిక్ ఫైనల్ వరుసను ప్రకటించి, అందులో పాత టైమవుట్‌ను ఇంట్‌గా, కొత్త టైమవుట్‌మిల్లీస్‌ను లాంగ్‌గా, మిగతా ఫీల్డులన్నిటినీ రాయండి. ఈ వరుస ఉంటే క్లాసులోని ఫీల్డులను జావా తనంతట తాను చూడదు, అందువల్ల ఒకటి మర్చిపోతే అది స్ట్రీమ్‌లోకి వెళ్ళదు, ఎవరూ హెచ్చరించరు. మూడు మోడిఫయర్లలో ఒకటి తప్పినా మొత్తం ప్రకటననే పట్టించుకోదు.

రైట్‌ఆబ్జెక్ట్‌లో పుట్‌ఫీల్డ్స్ తీసుకుని రెండు పేర్లకూ విలువలు పెట్టి రైట్‌ఫీల్డ్స్ పిలవాలి. రీడ్‌ఆబ్జెక్ట్‌లో డిఫాల్ట్‌రీడ్‌ఆబ్జెక్ట్ బదులు రీడ్‌ఫీల్డ్స్ పిలిచి, వచ్చిన గెట్‌ఫీల్డ్‌ను "టైమవుట్‌మిల్లీస్ డిఫాల్టెడా?" అని అడగాలి. అవునంటే అది స్ట్రీమ్‌లో లేదన్నమాట, పాత ఇంట్‌ను తీసుకుని 1000ఎల్‌తో గుణించాలి. ఆ ఎల్ మర్చిపోతే గుణకారం ఇంట్‌లోనే జరిగి పెద్ద విలువలు పొంగిపోతాయి. పాత పేరును వరుసలో ప్రకటించకుండా అడిగితే, అది ఉన్న స్ట్రీమ్ మీద పనిచేస్తుంది, లేని స్ట్రీమ్ మీద ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్ ఇస్తుంది. పాత ఫైలుతో మాత్రమే పరీక్షించినవాళ్ళకు ఇది దొరకదు.

రాసే వైపు ఒక ఉచ్చు ఉంది. 500 మిల్లీసెకన్లను పాత రీడర్ కోసం సెకన్లలోకి మార్చితే భాగహారం 0 ఇస్తుంది. సాకెట్ రీడ్ టైమవుట్ లాంటి చోట్ల 0 అంటే ఎంతకాలమైనా ఆగు అని అర్థం. అర సెకను ఆగమన్న కోడ్ అనంతంగా ఆగుతుంది. కనుక పైకి సవరించండి: 1 నుంచి 1000 దాకా 1, 1001 అయితే 2. అసలే 0 అయితే 0గానే ఉంచండి. కంపాటిబిలిటీ కోడ్‌లో తప్పులు సీరియలైజేషన్ నియమాల్లో కన్నా ఇలాంటి చిన్న లెక్కల్లోనే ఎక్కువ దాక్కుంటాయి.

ప్రాక్సీలు, రికార్డులు, ఈనమ్‌లు

రీడ్‌ఆబ్జెక్ట్‌తో ఒక చిక్కుంది, ఫైనల్ ఫీల్డులకు అందులో విలువ ఇవ్వలేం. మార్పులేని క్లాసులకు సీరియలైజేషన్ ప్రాక్సీ మేలు. రైట్‌రీప్లేస్‌లో అసలు ఆబ్జెక్ట్ బదులు ఒక చిన్న ప్రైవేట్ స్టాటిక్ లోపలి క్లాసు ఇస్తాం, చదివేటప్పుడు దాని రీడ్‌రిజాల్వ్ మామూలు కన్‌స్ట్రక్టర్‌నే పిలిచి అసలుదాన్ని కడుతుంది. కన్‌స్ట్రక్టర్‌లోని తనిఖీలన్నీ నడుస్తాయి. అసలు క్లాసు రీడ్‌ఆబ్జెక్ట్‌లో ఇన్‌వాలిడ్‌ఆబ్జెక్ట్‌ఎక్సెప్షన్ విసిరేస్తే దొడ్డిదారి కూడా మూసుకుంటుంది. జావా టైమ్ క్లాసుల్లో చాలావరకు ఈ దారిలోనే ఉన్నాయి: లోకల్‌డేట్ రాస్తే స్ట్రీమ్‌లోకి వెళ్ళేది ఎస్‌ఈఆర్ అనే ప్యాకేజీ ప్రాక్సీ, ఏ రకమో చెప్పే ఒక బైట్, ఆపై విలువలు.

ఆకారం పూర్తిగా మారితే రెండో ప్రాక్సీ క్లాసు పెట్టి, మొదటిదాన్ని చదవడానికి మాత్రం ఉంచేయవచ్చు. వెర్షన్ క్లాసు పేరులోనే ఉంటుంది. కానీ పాత రీడర్‌కు రెండో ప్రాక్సీ తెలియదు, క్లాస్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్ తప్పదు. ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి వలయంగా పట్టుకుని ఉన్నచోట కూడా ప్రాక్సీ పనికిరాదు, రీడ్‌రిజాల్వ్ నడవకముందే వలయంలోని వేరే ఆబ్జెక్ట్‌కు ప్రాక్సీయే చేరి క్లాస్‌క్యాస్ట్‌ఎక్సెప్షన్ ఇస్తుంది.

జావా 16లో స్థిరపడిన రికార్డులు (డేటా మోయడానికే ఉన్న చిన్న క్లాసులు) ఈ శ్రమను చాలావరకు తగ్గించాయి. రికార్డ్ చదివేటప్పుడు క్యానానికల్ కన్‌స్ట్రక్టర్ నడుస్తుంది, స్ట్రీమ్‌లో లేని భాగాలకు సున్నా, నల్ అందుతాయి. "నల్ అయితే ఖాళీ జాబితా" అని కన్‌స్ట్రక్టర్‌లో ఒక్క వరుస చాలు. యూఐడీ సరిపోలాలన్న నియమం రికార్డులకు లేదు. ఇన్నేళ్ళ తర్వాత జావా రూపకర్తలే ఆ సంఖ్య తనిఖీని పక్కన పెట్టడం చూస్తే నా వాదనకు కొంత బలం వచ్చినట్టే అనుకుంటున్నాను. రికార్డుల్లో రీడ్‌ఆబ్జెక్ట్, రైట్‌ఆబ్జెక్ట్ రాసినా పిలవరని మాత్రం గుర్తుంచుకోండి.

ఈనమ్‌లు పేరుతో వెళ్తాయి. వరుస మార్చుకోవచ్చు, పేరు మార్చకూడదు. కొత్త స్థిరాంకం చేర్చి పాత రీడర్‌కు పంపితే ఇన్‌వాలిడ్‌ఆబ్జెక్ట్‌ఎక్సెప్షన్.

ఇప్పటికే బయటికి వెళ్ళినవి

సంఖ్య లేకుండా విడుదలైన క్లాసుకు ఇప్పుడు 1ఎల్ పెడితే ఉన్న డేటా అంతా పోతుంది. జేడీకేతో వచ్చే సీరియల్‌వెర్ టూలును పాత జార్ మీద నడిపి, అది చెప్పిన సంఖ్యను కొత్త క్లాసులో పెట్టాలి. పాత సోర్స్‌ను ఇవాళ్టి కంపైలర్‌తో మళ్ళీ కట్టి దాని మీద నడపకండి. ఎందుకో పైన చెప్పిన నెస్ట్‌మేట్ల సంగతి గుర్తుంటే చాలు.

మూడు విడుదలలు మూడు సంఖ్యలతో వెళ్ళిపోతే? ఆబ్జెక్ట్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్‌లో రీడ్‌క్లాస్‌డిస్క్రిప్టర్‌ను ఓవర్‌రైడ్ చేసి, స్ట్రీమ్ వివరణ బదులు స్థానిక క్లాసు వివరణను తిరిగి ఇచ్చే చిట్కా విరివిగా చెలామణిలో ఉంది. అది సంఖ్యనొక్కదాన్నే మార్చదు, ఫీల్డుల జాబితానూ మార్చేస్తుంది. స్ట్రీమ్‌లో నాలుగు ఫీల్డులు, స్థానికంగా ఐదు ఉంటే, నాలుగింటి బైట్లను ఐదింటి కొలతతో కోస్తుంది. అదృష్టం బాగుంటే స్ట్రీమ్ చెడిందన్న ఎక్సెప్షన్ వస్తుంది, బాగుండకపోతే చెత్త విలువలు వస్తాయి. ఫీల్డుల పేర్లూ టైపులూ అచ్చంగా ఒకటే అని సరిచూశాకే, ఆ క్లాసు పేరుకు మాత్రమే, ఆ పాత సంఖ్యలకు మాత్రమే వర్తించేలా రాయండి.

ప్యాకేజీ మారితే రిజాల్వ్‌క్లాస్‌ను ఓవర్‌రైడ్ చేసి పాత పేరుకు కొత్త క్లాసు ఇవ్వవచ్చు. జావా అక్కడ చివరి చుక్క తర్వాతి పేరునే పోల్చుతుంది, కాబట్టి ప్యాకేజీ మార్పు దాటుతుంది. క్లాసు సొంత పేరే మారితే సంఖ్య సరిపోలినా దాటదు. అప్పుడు పాత పేరుతో ఒక గుల్ల క్లాసు ఉంచి, దాని రీడ్‌రిజాల్వ్ నుంచి కొత్తది ఇవ్వడమే మార్గం.

జేసన్‌కో ప్రోటోబఫ్‌కో మారిపోతే ఇవన్నీ ఉండవు కదా అంటారు. భద్రత దృష్ట్యా మారడం మంచిదే, బయటివాళ్ళు పంపిన జావా స్ట్రీమ్‌ను చదవకూడదు. కానీ లేని ఫీల్డుకు ఏ విలువ, తీసేసిన పేరును మళ్ళీ వాడవచ్చా, పాత రీడర్ ఏమనుకుంటుంది అన్న ప్రశ్నలు అక్కడికీ వెంట వస్తాయి. ప్రోటోబఫ్‌లో తీసేసిన ఫీల్డు నంబర్లను రిజర్వ్ చేయమనేది అందుకే.

పరీక్ష, విడుదల వరుస

ఒకే కోడ్‌తో రాసి, అదే కోడ్‌తో చదివే పరీక్ష కంపాటిబిలిటీ గురించి ఏమీ చెప్పదు. ప్రతి విడుదలలోనూ ఆ వెర్షన్ రాసిన బైట్లను ఒక ఫైలుగా టెస్ట్ రిసోర్సుల్లో చేర్చి, ఇక దాన్ని ముట్టుకోకండి. ప్రతి బిల్డ్‌లో అన్నిటినీ చదివి, ఎక్సెప్షన్ రాలేదని సరిపెట్టుకోకుండా ప్రతి ఫీల్డు విలువనూ సరిచూడండి. అన్ని ఫీల్డులకూ సున్నా కాని విలువలు పెట్టి ఆ ఫైలు తయారుచేయాలి, లేకపోతే పోయిన విలువకూ అసలు 0కూ తేడా తెలియదు. ఎదురు దిశకు, పాత జార్‌ను వేరే యూఆర్‌ఎల్‌క్లాస్‌లోడర్‌లో ఎక్కించి కొత్త బైట్లను దానితో చదివించాలి. ఆ లోడర్‌కు పేరెంట్‌గా ప్లాట్‌ఫామ్ లోడర్‌నే ఇవ్వండి. అప్లికేషన్ లోడర్ ఇస్తే కొత్త క్లాసే దొరికి పరీక్ష ఉత్తినే పాసవుతుంది. జావాసీకి లింట్ సీరియల్ ఆప్షన్ కూడా పెట్టండి, జేడీకే 18 నుంచి అది తప్పు సంతకాలున్న రీడ్‌ఆబ్జెక్ట్ లాంటి వాటిని పట్టుకుంటుంది.

జేడీకే 9తో వచ్చిన డీసీరియలైజేషన్ ఫిల్టర్లు వాడుతుంటే, కొత్త ప్రాక్సీ క్లాసును అనుమతుల జాబితాలో చేర్చడం మర్చిపోకండి. చేర్చకపోతే వచ్చేదీ అదే ఇన్‌వాలిడ్‌క్లాస్‌ఎక్సెప్షన్. సందేశంలో ఫిల్టర్ స్టేటస్ రిజెక్టెడ్ అని ఉందా, రెండు సంఖ్యలు ఉన్నాయా చూస్తే ఏది ఏదో తెలుస్తుంది.

ఆకారం మార్పును రెండు విడుదలలుగా పంపండి. మొదటి విడుదల రెండు ఆకారాలనూ చదవగలదు, పాతదాన్నే రాస్తుంది. అది అన్ని సర్వర్లకూ చేరాక, వెనక్కి వెళ్ళాల్సిన అవసరం లేదని తేలాక, రెండోది కొత్త ఆకారం రాయడం మొదలుపెడుతుంది. పాత ఆకారం చదివే కోడ్‌ను ఎప్పుడు తీయాలో క్యాలెండర్ చూసి కాదు, డేటా ఆయుష్షు చూసి నిర్ణయించాలి. సెషన్లకైతే గంటలు చాలు, క్యూకైతే అందులో మిగిలిన అతి పాత సందేశం వయసు. బ్లాబుల్లో ఉన్నవాటినైతే ఒకసారి అన్నిటినీ చదివి కొత్త ఆకారంలో తిరిగి రాసే జాబ్ నడిపి, పాత ఆకారం లెక్క సున్నా అని చూశాకే ఆ కోడ్ జోలికి వెళ్ళాలి. బ్యాకప్‌లను ఆ లెక్కలో కలిపారో లేదో కూడా చూసుకోండి.